వానాకాలం రాగానే తలుపు పట్టేస్తోంది: "కెమికల్ ట్రీటెడ్" చెక్క నిజంగా నీళ్లు తాగదా?

సింగ్‌నగర్ శ్రీను (విజయవాడ), ఆగస్టు 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. వీధి గుమ్మం తలుపు గురించి అడుగుతున్నాను. తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి.

మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలబడ్డాయి. నాన్న ఇల్లు కట్టినప్పుడు చేయించిన టేకు తలుపు రోజుల తరబడి నానింది. నీళ్లు తీశాక చూస్తే మూత పడలేదు. మేస్త్రి వచ్చి గొళ్లెం వైపు అంచుకు చిత్రిక పట్టి సరిచేశాడు. వేసవి వచ్చేసరికి అదే అంచు దగ్గర రెండు రూపాయి బిళ్లలు కలిపి పెడితే దూరేంత సందు. ఇప్పుడు శ్రావణం ముసురు పట్టగానే మళ్లీ బిగుసుకుపోయింది. పగలంతా ఇంట్లో అమ్మ ఒక్కతే. మొన్న లోపలి నుంచి లాగలేక కిటికీలోంచి పక్కింటివాళ్లను కేకేసింది. ఆఫీసులో కూర్చున్నా నాకు అదే టెన్షన్.

కొత్త తలుపు చేయిద్దామని ఒక డిపోకి వెళ్తే, "ఇది కెమికల్ ట్రీటెడ్, నీళ్లు అసలు తాగదు" అని మామూలు టేకు కన్నా ఎక్కువ ధర చెప్పారు. అలాంటి చెక్క ఉంటుందా? కొనాలా, వద్దా?

అడితి మనవడు (గుంటూరు), ఆగస్టు 9, రాత్రి 10:05

శ్రీను గారూ, మా తాత కాలం నుంచి మాది కలప వ్యాపారమే. అందుకే ఉన్నదున్నట్టు చెబుతాను. మన దగ్గర డిపోల్లో "ట్రీటెడ్" అంటే నూటికి తొంభై పాళ్లు చెదకూ, బూజుకూ మందు ఎక్కించిన చెక్క అని అర్థం. ట్యాంకులో పెట్టి, లోపలి గాలి లాగేసి, ఒత్తిడితో మందునీళ్లు ఎక్కిస్తారు. రాగి ఉన్న మందైతే చెక్క లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఆ చెక్క కుళ్లదు, చెద తినదు. ఉబ్బడం మాత్రం మామూలు చెక్కలాగే ఉబ్బుతుంది.

మళ్లీ వెళ్లినప్పుడు ఒకే ప్రశ్న అడగండి: "చెద పట్టదా, ఉబ్బదా?" ఈ రెండూ వేరు వేరు విషయాలు. మొదటిదానికి మందు ఉంది. రెండోదానికి చెక్క స్వభావాన్నే మార్చాలి. ఆ పని చేసే దేశాలు ఉన్నాయి. నా కొట్లో అయితే ఇప్పటిదాకా అమ్మలేదు.

కెమిస్ట్రీ మాస్టారు (బ్రాడీపేట, గుంటూరు), ఆగస్టు 10, ఉదయం 6:30

మనవడు గారు అసలు ముడి పట్టుకున్నారు. చెదమందు గురించి ముందు ఒక మాట. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ఆ ప్రసిద్ధమైన మందును 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కనిపెట్టింది సొంఠి కామేశం గారు. ప్రపంచంలో చాలాచోట్ల కరెంటు స్తంభాలకు ఆ మందు వాడారు. ఆర్సెనిక్ ఉంది కాబట్టి తర్వాత చాలా దేశాల్లో ఇళ్ల వాడకం నుంచి తీసేశారు. పాఠం చెప్పే రోజుల్లో ఆ తెలుగు పేరు పలికిన ప్రతిసారీ నాకు గర్వంగా ఉండేది. కానీ అది చెక్కను తినే జీవికి పెట్టే విషం. నీటితో చెక్కకున్న చుట్టరికాన్ని అది తెంపదు.

ఇంతకీ ఆ చుట్టరికం ఏమిటి? చెక్కలో ముఖ్యంగా ఉండేవి సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్. వీటి పొడవునా హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి: ఒక ఆక్సిజన్, దానికి అంటుకుని ఒక హైడ్రోజన్. నీటి అణువులోనూ ఉన్నవి అవే. అందుకే గాలిలో తేమ పెరగగానే నీటి అణువులు వచ్చి ఈ గుంపులను పట్టుకుని కణాల గోడల్లో కూర్చుంటాయి. గోడలోని పోగులు పక్కకు జరుగుతాయి. చెక్క ఉబ్బిందని మనం అనేది దాన్నే. వాన నీళ్లు తగలనక్కర్లేదు, గాలి చాలు. మన యార్డులో ఎండు మిరపకాయలు వేసవిలో గలగలలాడతాయి. ముసురు పట్టిందా, మెత్తబడి వంగుతాయి. వాటి మీద ఎవరు నీళ్లు పోశారు?

కణం గోడలో పట్టే నీళ్లు వేరు, కణం మధ్య బోలులో నిలిచే నీళ్లు వేరు. గోడలు నిండేదాకానే చెక్క ఉబ్బుతుంది. చాలా కలపల్లో అది బరువులో 28 నుంచి 30 శాతం తేమ దగ్గర పూర్తవుతుంది. ఆపైన ఎన్ని నీళ్లు తాగినా బరువు పెరుగుతుందే తప్ప సైజు పెరగదు.

శ్రీను, మీ తలుపు లెక్క వేద్దాం. గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్క 9 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. 80 శాతం ఉంటే 16 దగ్గర. వార్షిక వలయాలను ఆనుకుని పలకలుగా కోసిన టేకు ప్రతి ఒక్క శాతం తేమకూ వెడల్పులో దాదాపు 0.19 శాతం పెరుగుతుంది. తలుపుకు రెండు పక్కలా నిలువు పట్టీలు 11 సెంటీమీటర్ల చొప్పున ఉన్నాయనుకుంటే మొత్తం 22. ఏడు శాతం తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు. మీ రెండు రూపాయి బిళ్లల సందు సరిగ్గా అదే!

బెంజ్‌సర్కిల్ లత (విజయవాడ), ఆగస్టు 10, ఉదయం 8:17

మాస్టారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక సందేహం. నిలువు పట్టీలనే ఎందుకు లెక్కలోకి తీసుకున్నారు? తలుపు మధ్యలో పెద్ద పలకలు ఉంటాయి కదా, అవి ఉబ్బవా?

ఉలీ బాడిసా (కొండపల్లి), ఆగస్టు 10, మధ్యాహ్నం 1:40

ఇది నా పని కాబట్టి నేను చెబుతానమ్మా. పలకలు ఉబ్బుతాయి. పట్టీల కన్నా ఎక్కువే ఉబ్బుతాయి. అందుకే పెద్దవాళ్లు పలకను పట్టీలోని గాడిలో వదులుగా కూర్చోబెట్టేవాళ్లు. బంక పెట్టరు, మేకు కొట్టరు. గాడి లోపల రెండు వైపులా కాస్త ఖాళీ ఉంటుంది. పలక వానాకాలం అందులోకి జరుగుతుంది, ఎండాకాలం వెనక్కి వస్తుంది. పాత ఇంటి తలుపు మే నెలలో దగ్గర నుంచి చూడండి. పలక అంచున రంగు పడని సన్నటి గీత కనిపిస్తుంది. వానాకాలంలో రంగు వేసినప్పుడు ఆ మేర గాడి లోపల దాక్కుంది. ఈమధ్య తొందరలో పలకకు కూడా బంక పెట్టేస్తున్నారు. అది పగలడమో, పట్టీని తన్నడమో ఖాయం.

మా ఊళ్లో బొమ్మలు చేసే తెల్ల పొణికి కట్టె సంగతీ అంతే. కట్టెను ముందు బాగా ఆరనిచ్చి, సెగ చూపించి, తేమ పోయాకే ఉలి పెడతారు. పచ్చి చెక్కతో చేసిన ఏనుగుకు తొండం అతుకు దగ్గర విడిపోతుంది. చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడుస్తారు. ఆ ముద్దలో ఉన్నదీ చెక్కే కాబట్టి బొమ్మతోపాటే కదులుతుందని మా నాన్న అనేవాడు.

అడితి మనవడు, ఆగస్టు 10, మధ్యాహ్నం 3:02

బాబాయ్, ఆ రంగు పడని గీత మాట నూటికి నూరు పాళ్లు నిజం. మా ఇంటి తలుపుకు పోయిన వేసవిలో చూశా.

బెంజ్‌సర్కిల్ లత, ఆగస్టు 10, సాయంత్రం 5:26

అయితే మంచి ఎనామెల్ పెయింటు మూడు కోటింగులు వేస్తే సరిపోదా? గాలి తగలకపోతే తేమ ఎలా పడుతుంది?

కెమిస్ట్రీ మాస్టారు, ఆగస్టు 10, రాత్రి 7:48

పెయింటు ఆలస్యం చేస్తుందమ్మా, ఆపదు. రెండు రోజుల ముసురును తట్టుకుంటుంది. రెండు నెలల వానాకాలం దాటేసరికి లోపలి చెక్క చేరాల్సిన తేమకు చేరుతుంది. అవిసె నూనె పట్టించినా అంతే. నూనె ఎక్కువగా బోలు భాగాల్లోనే ఉండిపోతుంది, గోడలోని హైడ్రాక్సిల్ గుంపులు ఎక్కడివక్కడే ఉంటాయి. అలాగని పెయింటును తీసిపారేయకండి. ఆలస్యం చేయడం కూడా పెద్ద ఉపకారమే.

అసలు మార్పు అంటే ఇది. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ అనే ద్రవాన్ని పొడి చెక్కలోకి ఎక్కించి వేడి చేస్తారు. అది హైడ్రాక్సిల్‌తో చర్య జరిపి, అక్కడి హైడ్రోజన్ స్థానంలో ఎసిటైల్ గుంపును కూర్చోబెడుతుంది. పక్కన ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది, దాన్ని లాగేస్తారు. బాగా జరిగితే చెక్క బరువు 20 శాతం వరకు పెరుగుతుంది. ముందుగా లొంగేది లిగ్నిన్, తర్వాత హెమీసెల్యులోజ్. సెల్యులోజ్ పోగుల్లో గట్టిగా పేర్చుకున్న భాగంలోకి ఆ ద్రవం పోనేపోదు. నీళ్లూ అక్కడికి పోవు కాబట్టి నష్టం లేదు.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది దీని తర్వాతి సంగతి. నీటిని పట్టుకునే చేతులు తగ్గడం ఒక ఎత్తు. ఎసిటైల్ గుంపు లావుగా ఉండటం మరో ఎత్తు. అది గోడలో చోటు ఆక్రమిస్తుంది. అంటే చెక్క ఎంత ఉబ్బాలో దాదాపు అంతా ముందే ఉబ్బి, ఆ సైజులోనే నిలిచిపోతుంది. నీళ్లు కూర్చోవాల్సిన కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు, ఇక లేవరు. 30 శాతం తేమ పట్టే గోడలు 10 శాతం దగ్గరే నిండిపోతాయి. ఉబ్బడం 70 శాతం పైగా తగ్గుతుంది. మీ 3 మిల్లీమీటర్లు ఒక మిల్లీమీటరు లోపుకి వస్తాయి. చెక్కను కుళ్లబెట్టే బూజు కూడా గోడల్లో తగినంత తేమ లేక పెరగదు. విషం పెట్టకుండానే కుళ్లు ఆగుతుంది.

ఇది కొత్తదేమీ కాదు. జర్మనీలో ఫుక్స్ 1928లోనే చెక్కకు ఇలా ఎసిటైల్ గుంపులు ఎక్కించారు (ఎసిటైలేట్ చేయడం అంటే ఇదే), కాకపోతే లిగ్నిన్‌ను వేరు చేయడం కోసం. కలప నిలకడ కోసం అమెరికాలో మాడిసన్ ప్రయోగశాలలో టార్కో, స్టామ్ 1940ల్లో చేశారు. పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చింది మాత్రం 2007లో, నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ ఫ్యాక్టరీ నుంచి, అకోయా పేరుతో. అక్కడే స్నీక్ అనే ఊళ్లో ఆ చెక్కతో బరువైన వాహనాలు నడిచే వంతెన కట్టారు.

పత్తిగింజ (గుంటూరు), ఆగస్టు 11, ఉదయం 11:20

నేను బట్టల ప్రాసెసింగ్‌లో పనిచేశాను. మాస్టారు చెబుతుంటే ఇదంతా మా పనే అనిపించింది. మన పత్తి అంటే దాదాపు శుద్ధ సెల్యులోజ్. కాటన్ చొక్కా ఉతికితే ముడతలు ఎందుకు పడుతుంది? నీళ్లు వచ్చి పోగుల మధ్య పట్టును వదులు చేస్తాయి, పోగులు జారి, ఆరాక కొత్త చోట బిగుసుకుంటాయి. ముడతలు పడని చొక్కాకు డీఎండీహెచ్‌ఈయూ అనే రెసిన్ పట్టించి వేడి చేస్తాం. అది పోగుకూ పోగుకూ మధ్య వంతెన వేస్తుంది. జర్మనీలో గోటింగెన్ విశ్వవిద్యాలయంవాళ్లు ఇదే రెసిన్‌తో చెక్కను కూడా నిలకడ చేశారు. దీని లోపం ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు కొంచెం కొంచెంగా బయటికి రావడం. పోగులు కట్టేసినట్టు అయ్యేసరికి బట్టలాగే చెక్క కూడా కాస్త పెళుసవుతుంది.

ఇంజినీరింగ్ కుర్రాడు (విజయవాడ), ఆగస్టు 11, మధ్యాహ్నం 2:55

సార్, వెనిగర్‌లోనూ ఎసిటిక్ ఆమ్లమే కదా. చెక్కను వెనిగర్‌లో నానబెట్టి ఓవెన్‌లో పెడితే రాదా? లేదంటే ఎసిటిక్ అన్‌హైడ్రైడే ఒక లీటరు కొని ప్రయత్నించొచ్చా? ఇంట్లో చిన్న ముక్కల మీదే.

కెమిస్ట్రీ మాస్టారు, ఆగస్టు 11, సాయంత్రం 4:10

నాయనా, ఆ రెండూ వద్దు. వెనిగర్‌లో అధిక భాగం నీళ్లే. నీళ్లున్న చోట ఆ చర్య ముందుకు సాగదు, చెక్క నాని పుల్లటి వాసన వస్తుంది, అంతే. ఇక అన్‌హైడ్రైడ్ ఘాటు కళ్లనూ ఊపిరితిత్తులనూ కాల్చేస్తుంది, చర్మం మీద పడితే బొబ్బలు లేస్తాయి. మత్తుమందుల తయారీకి వాడతారు కాబట్టి మన దేశంలో దాని కొనుగోలు మీద చట్టపరమైన నియంత్రణ కూడా ఉంది. కాలేజీ ల్యాబ్‌లో, మీ లెక్చరర్ పక్కన ఉండగా, ఘాటు ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద చేయదగిన పని అది.

ప్రయోగం చేయాలన్న నీ ఉత్సాహం నాకు చాలా నచ్చింది. ప్రమాదం లేనిది ఒకటి చెబుతాను. ఒకే టేకు పలక నుంచి నాలుగు చిన్న ఘనాలు కోయించు. వెర్నియర్‌తో మూడు దిక్కులా కొలిచి, తూకం వేసి, నీళ్లలో వారం ఉంచి మళ్లీ కొలువు. పొడవు వైపు దాదాపు ఏమీ పెరగదు. వెడల్పులో ఒక దిక్కు కన్నా ఇంకో దిక్కు రెట్టింపుకు దగ్గరగా పెరుగుతుంది. వార్షిక వలయాలు ఎటు తిరిగి ఉన్నాయో చూసి, ఏ దిక్కు ఎక్కువో నువ్వే చెప్పు.

పటమట రాధ (విజయవాడ), ఆగస్టు 11, రాత్రి 9:33

మా ఇంటీరియర్ డిజైనర్ వేడితో తయారైన థర్మోవుడ్ వాడమంటున్నారు. మామూలు చెక్క కన్నా బలం కూడా పెరుగుతుందట. నిజమేనా? మాకు బాల్కనీ రెయిలింగ్ చేయించాలి.

కెమిస్ట్రీ మాస్టారు, ఆగస్టు 12, ఉదయం 6:15

బలం పెరగదమ్మా, తగ్గుతుంది. ఈ పద్ధతి ఫిన్లాండ్‌లో 1990ల్లో స్థిరపడింది. చెక్కను ఆవిరి మధ్య 180 నుంచి 220 డిగ్రీల వరకు వేడి చేస్తారు. నీటిని అందరికన్నా ఎక్కువగా పీల్చే హెమీసెల్యులోజ్ ముందు విరిగిపోతుంది. తేమ పట్టడం సగానికి దగ్గరగా తగ్గుతుంది, రంగు కాఫీలాగా అవుతుంది. మందులేవీ కలపరు, అది మెచ్చుకోవాల్సిన విషయం. కానీ చెక్క పెళుసవుతుంది. గోడకు కొట్టే పలకలకూ, కూర్చునే డెక్కుకూ హాయిగా వాడుకోవచ్చు. మనుషులు ఆనుకునే రెయిలింగ్‌కు వద్దనే చెబుతాను. పిల్లలున్న ఇల్లైతే అసలే వద్దు.

నార్వేవాళ్లది ఇంకో దారి. ఫర్ఫ్యురైల్ ఆల్కహాల్ అనే ద్రవాన్ని చెక్కలోకి ఎక్కించి కణాల గోడల్లోనే గట్టి రెసిన్‌గా మారుస్తారు. దాని మూల పదార్థం తీసేది చెరకు పిప్పి, మొక్కజొన్న కండెల నుంచి. ఉయ్యూరు వైపు వెళ్లినప్పుడల్లా ఆ పిప్పి గుట్టలు చూసి నాకు ఇదే గుర్తొస్తుంది. మన దగ్గర పిప్పి ఉంది, పొలం గట్ల మీద ఎక్కడ చూసినా సుబాబుల్, సరుగుడు ఉన్నాయి. కాగితం గుజ్జుకు పోయే ఆ కలపకు నిలకడ నేర్పగలిగితే టేకు మీద ఇంత భారం ఉండదు.

పత్తిగింజ, ఆగస్టు 12, ఉదయం 9:44

మాస్టారూ, ఆ వాసా ఓడ సంగతి కూడా చెప్పండి. ఎప్పుడో విన్నాను.

కెమిస్ట్రీ మాస్టారు, ఆగస్టు 12, ఉదయం 10:30

స్వీడన్ యుద్ధనౌక. 1628లో మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగి, 1961లో పైకి వచ్చింది. అలాగే ఆరనిస్తే ముడుచుకుని చీలిపోతుంది. అందుకని నీటి స్థానంలోకి చేరేలా పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే, నీటిలో కరిగే మైనం లాంటి పదార్థాన్ని 17 ఏళ్లు చల్లారు. ఇక్కడా సూత్రం ఖాళీ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టడమే. తేడా ఏమిటంటే ఆ గ్లైకాల్ చెక్కతో రసాయనికంగా ముడిపడదు, నీళ్లు తగిలితే కరిగి వచ్చేస్తుంది. మ్యూజియంలో నిలుస్తుంది, వానకు తడిసే గుమ్మానికి పనికిరాదు. ముడి పడిందా, ఊరికే నిండిందా అన్నది ఏ ట్రీట్‌మెంట్‌కైనా అడగాల్సిన ప్రశ్న.

అడితి మనవడు, ఆగస్టు 12, మధ్యాహ్నం 12:20

ఎసిటైలేట్ చేసిన చెక్క గురించి నా వంతు జాగ్రత్తలు కూడా చెబుతాను, ఎవరైనా విదేశాల నుంచి తెప్పించుకుంటే పనికొస్తాయి. లోపల కాస్త ఆమ్లం మిగిలి ఉంటుంది కాబట్టి మామూలు ఇనుప మేకులు తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడాలి. కొత్తలో పులుపు వాసన వస్తుంది. ఎండకు రంగు వెలిసి బూడిదరంగు వస్తుంది, దాన్ని ఈ ట్రీట్‌మెంట్ ఆపదు. వాన నీళ్లు బోలు భాగాల్లోకి వెళ్తాయి, బరువెక్కుతుంది, సైజు మాత్రం పెద్దగా మారదు. కాబట్టి "నీళ్లు అసలు తాగదు" అన్న మాట ఆ చెక్క విషయంలో కూడా తప్పే.

సింగ్‌నగర్ శ్రీను, ఆగస్టు 17, రాత్రి 8:05

అందరికీ చేతులెత్తి నమస్కారం. డిపోకి వెళ్లి మనవడు గారి ప్రశ్నే అడిగాను. "ఉబ్బదా అంటే... చెద పట్టదండీ" అన్నారు. జవాబు దొరికింది, కొనలేదు.

ఈ ఆదివారం నేనూ మా బావమరిదీ కలిసి మడతబందుల స్క్రూలు విప్పి తలుపు కిందికి దించాం. కింది అంచు చూసి నోట మాట రాలేదు. ఇన్నేళ్లుగా ఆ అంచుకు ఒక్క చుక్క రంగు తగల్లేదు. రెండు నిలువు పట్టీల కింది కొసలు నల్లగా, ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. చెక్కలోని నాళాల చివర్లు సన్నటి చిల్లుల్లా కంటికి కనిపిస్తున్నాయి. గోరుతో గీస్తే తడి పొడి రాలింది. పైఅంచు కూడా రంగు లేని ఒట్టి చెక్కే. ఇక కిందటేడు చిత్రిక పట్టిన గొళ్లెం వైపు అంచుకు మళ్లీ రంగు వేయడమే మరిచిపోయాం. తెల్లగా, అప్పుడే కోసినట్టు ఉంది.

ఉలీ బాడిసా, ఆగస్టు 17, రాత్రి 8:50

అదే శ్రీను బాబూ, అదే. చెక్క కొస అంటే గొట్టాల కట్ట నోళ్లు తెరుచుకుని ఉన్నట్టు. పక్కల కన్నా కొస నుంచి నీళ్లు ఎన్నో రెట్లు తొందరగా ఎక్కుతాయి. తలుపు బిగించాక కింద బ్రష్షు దూరదు కాబట్టి రంగు వేసేవాళ్లు వదిలేస్తారు. బిగించకముందే ఆరు వైపులా వేయించుకోవాలి. చిత్రిక పట్టిన ప్రతిసారీ ఆ అంచు మళ్లీ ఒట్టిదైపోతుంది, అందుకే ఈసారి ఇంకా గట్టిగా పట్టింది.

ఇప్పుడు మాత్రం చిత్రిక పట్టించకండి. తడి మీద తీస్తే ఎండాకాలం సందు ఇంకా పెద్దదవుతుంది. తడి చెక్క మీద రంగూ వేయకండి, నీళ్లు లోపలే చిక్కుకుంటాయి. బందుల స్క్రూలు బిగించి, రాసుకుంటున్న చోట కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. అమ్మగారి కోసం లోపలి వైపు పెద్ద పిడి ఒకటి వేయించండి, రెండు చేతులతో లాగేలా. సంక్రాంతి దాటాక చెక్క ఆరుతుంది. అప్పుడు కొలిచి, అవసరమైతే వెంట్రుకవాసి తీసి, అదే రోజు కొసలకు మూడు పూతలు వేయించండి. కావాలంటే నేనొస్తాను, కొండపల్లి ఎంత దూరం?

బెంజ్‌సర్కిల్ లత, ఆగస్టు 18, ఉదయం 7:12

మా బాత్రూమ్ తలుపు కింద ఫోన్ పెట్టి ఫొటో తీశాను. అక్కడా రంగు లేదు.

సింగ్‌నగర్ శ్రీను, ఫిబ్రవరి 1, సాయంత్రం 6:40

పాత చర్చను పైకి తెస్తున్నాను. ఉలీ బాడిసా బాబాయ్ మాట ప్రకారం కొవ్వొత్తి, పిడితో వానాకాలం గడిచింది. అమ్మ మళ్లీ ఎవర్నీ కేకేయలేదు. పోయిన వారం బాబాయ్ స్వయంగా వచ్చారు. తలుపు దించి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి చూస్తే సందు సరిపోయింది, చిత్రిక పట్టాల్సిన పనే పడలేదు. కొసలకూ, నాలుగు అంచులకూ ప్రైమర్, ఆ పైన మూడు పూతలు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు, అమ్మ పెట్టిన పులిహోర తిని వెళ్లారు.

మాస్టారూ, ద్వారబంధం మీద పెన్సిల్‌తో తేదీలు రాసి సందు కొలవడం మొదలుపెట్టాను. ఫిబ్రవరి 1న రెండున్నర మిల్లీమీటర్లు. నెలనెలా ఇక్కడే పెడతాను. పూత లేని తలుపు లెక్క కూడా పక్కన ఉంటే బాగుంటుంది. లత గారూ, ఆ బాత్రూమ్ తలుపుకు ఇంకా రంగు వేయించకపోతే ఈ ఒక్క ఏడాదీ అలాగే ఉంచి కొలుస్తారా?